డెబ్బై డిగ్రీల మోకాలు

రామకోటి పడిన రోజున ఆయన భార్య తాయారమ్మ అక్కడే, ఆ గట్టు మీదే ఉంది. సుబ్బరాజుగారి చెరువులో చేపల పట్టుబడి. తెల్లవారేసరికే లారీ వచ్చి రోడ్డు వార నిలబడింది. పదహారు మంది మగవాళ్లు నీళ్లలో దిగి వల లాగుతున్నారు. ఆడవాళ్లు గట్టు మీద పట్టా పరుచుకుని బొచ్చె చేపలు ఒకవైపు, శీలావతులు ఒకవైపు ఏరి ట్రేలలో వేస్తున్నారు. రామకోటి ఆ ముఠాకి మేస్త్రీ. ట్రేలు మోయడం మేస్త్రీ పని కాదు. కానీ ఆ రోజు ఒక మనిషి తక్కువయ్యాడు. ఎండెక్కితే చేప మెత్తబడిపోతుందని తనే ఒక ట్రే భుజానికెత్తుకుని గట్టెక్కుతున్నాడు. తడిసిన బంకమట్టి మీద కుడికాలు జారింది. ట్రే వదిలేసి ఉంటే చేతులు ఆనించుకునేవాడే. వదల్లేదు. ఎడమ మోకాలు తిన్నగా వెళ్లి తూము సిమెంటు అంచుకి కొట్టుకుంది.

ఆ చప్పుడు తాయారమ్మకి పదిగజాల అవతలికి వినపడింది. చేతిలో చేపని అలాగే వదిలేసి పరిగెత్తింది. ట్రేలోంచి పడ్డ చేపలు బురదలో ఎగిరెగిరి పడుతున్నాయి. వాటి మధ్య ఆయన కూర్చుని, మోకాలి వంక ఒకసారి చూసుకుని, "చేపలు ఏరండే, మట్టైపోతన్నాయి" అన్నాడు. ఆ తర్వాతే ఆయన మొహం తెల్లబడిపోయింది.

అప్పటికి రామకోటికి యాభై రెండేళ్లు. పన్నెండో ఏట నీళ్లలో దిగాడు. కొల్లేరు కొల్లేరుగా ఉన్న రోజుల్లో తండ్రితోపాటు దోనె మీద తిరిగాడు. సరస్సు చుట్టూ చెరువులు లేచాక చెరువుల్లోకి మారాడు. ఆయన పనితనం చేతుల్లో కాదు, కాళ్లలో ఉండేదని ముఠాలో అందరూ అనేవారు. వల లాగేటప్పుడు దాని అడుగు తాడు బురదకి ఆనుకుని రావాలి. ఎక్కడ జానెడు లేచినా చేపంతా ఆ సందులోంచి జారిపోతుంది. రామకోటి వల వెనకాలే నడుస్తూ ఆ తాడుని కాలివేళ్లతో తొక్కిపట్టి, ఎక్కడ లేచిందో, ఎక్కడ తగులుకుందో నీళ్లపై నుంచే చెప్పేవాడు. తగులుకున్న చోట గడ్డం దాకా నీళ్లలో గొంతుక్కూర్చుని చేత్తో విడిపించేవాడు. ఆయన ఉన్న పట్టుబడిలో చేప తప్పించుకోదని భీమడోలు నుంచి కైకలూరు దాకా చెరువుల వాళ్లకి ఒక నమ్మకం.

ఏలూరులో ఆసుపత్రిలో చేర్చారు. మోకాలి చిప్ప మూడు ముక్కలైంది. ఆపరేషన్ చేసి, ముక్కలు దగ్గరికి చేర్చి వైరుతో కట్టారు. తొడ నుంచి మడమ దాకా పొడుగు బెల్టు వేశారు. అత్తిలిలో కాపురముంటున్న కూతురు భాగ్యశ్రీ వచ్చి ఆ ఎనిమిది రోజులూ తల్లికి తోడుగా ఉంది. ఇంటికి పంపించే రోజున, కూతురు తండ్రిని చక్రాల కుర్చీలో కిందికి తీసుకెళ్లి ఆటో ఎక్కిస్తుంటే, మందుల చీటీ కోసం తాయారమ్మ పైన ఆగింది. ఒక కుర్ర డాక్టరు ఆమె చేతికి బొమ్మలున్న కాగితం ఒకటిచ్చి, తొందర పడకుండా నిలబడి చెప్పాడు.

"రెండు వారాలు దాటాక బెల్టు తీసి మెల్లమెల్లగా మోకాలు వంచించాలమ్మా. ఈ బొమ్మల్లో ఉన్నట్టు రోజుకి కొంచెం. నొప్పంటారు. అన్నారని ఆపేయకండి. ఆపేస్తే లోపల అతుక్కుపోతుంది, తర్వాత ఎవరేం చేసినా రాదు."

"అలాగేనండి బాబూ" అంది తాయారమ్మ.

ఆమె మర్చిపోలేదు. వేలు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది. పదిహేనో రోజు పొద్దున్న బెల్టు పట్టీలు విప్పి, మడమ కింద చెయ్యి పెట్టి, బొమ్మలో ఉన్నట్టే కాలుని మెల్లగా ఆయన వైపు నెట్టింది. వేలెడంత కదిలిందో లేదో, రామకోటి ఆమె మణికట్టు పట్టుకుని, "తాయారూ, వద్దే, తెగిపోతంది, లోపల వైరు తెగిపోతంది" అని ఏడ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ఏడవగా ఆమె చూడలేదు. కన్నతల్లి పోయిన రోజున కూడా ఆయన కళ్లు ఎర్రబడ్డాయే తప్ప నీళ్లు రాలేదు. ఇప్పుడు చిన్నపిల్లాడిలా వెక్కిళ్లు పెడుతున్నాడు. ఆమె చెయ్యి తీసేసింది.

మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది. ముందురోజుకన్నా తొందరగా ఆపేసింది. మూడో రోజున ఆమె గదిలోకి రాగానే ఆయన కాలి మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపు ఆమె తట్టుకోలేకపోయింది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో చీరల అడుగున పెట్టింది. ఆయన దగ్గరికొచ్చి, "ఆసుపత్రికి ఫోన్ చేయించానండి, కదపొద్దన్నారంట. నలభై రోజులూ అలాగే ఉంచమన్నారంట. నేనే తప్పుగా విన్నాను" అని చెప్పింది.

"అదీ! నాకు తెలుసు" అన్నాడు రామకోటి. ఆయన మొహం ఒక్కసారిగా తేలికపడింది. ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

ఆ తర్వాత నెల రోజులూ ఆమె ఆ కాలుని దిండు మీద పెట్టి పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుంది. పుండు మానడానికి మంచిదని ఎవరో చెబితే కొర్రమీను తెచ్చి పులుసు పెట్టింది. కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కుకుంది. కాలు వంచకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పిన మాట ఆమె చెవుల్లో ఉంది. కానీ అది ఎప్పుడో జరగబోయే సంగతి. ఆయన ఏడుపు ఇప్పటిది. రేపు మొదలుపెడదాం, కాస్త వాపు తగ్గనీ, అనుకుంటూ గడిపేసింది. మళ్లీ చూపించుకోడానికి వెళ్లాల్సిన వారంలో వానలు పట్టుకున్నాయి. కొల్లేరు పొంగి ఊరి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తగ్గి ఆటో తిరిగేసరికి ఇంకో రెండు వారాలు పోయాయి.

ఏలూరులో పెద్ద డాక్టరు మోకాలు పట్టుకుని వంచి చూశాడు. తుప్పు పట్టిన తలుపులా కొంచెం కదిలి ఆగిపోయింది. ఇంకొంచెం నొక్కితే రామకోటి మంచం పట్టీ పట్టుకుని అరిచాడు.

"ఇంటి దగ్గర వంచించలేదా?"

"మాకెవరూ చెప్పలేదండి" అన్నాడు రామకోటి. "కదపొద్దనే అన్నారు గదండి."

డాక్టరు ఫైలు తిరగేశాడు. తాయారమ్మ తన కాలివేళ్ల వంక చూస్తూ నిలబడింది. ఆమెకి కాగితం ఇచ్చిన కుర్ర డాక్టరు ఆ రోజు డ్యూటీలో లేడు. పెద్దాయన ఇంకేమీ అడక్కుండా, ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేసే మనిషి భీమడోలులో ఉన్నాడని ఫోన్ నెంబరు రాసిచ్చాడు.

అలా రామకోటి ఇంటికి ఆనంద్ పాల్ రావడం మొదలైంది. ముప్పై ఏళ్ల సన్నటి మనిషి. వారానికి మూడు రోజులు బండి మీద వచ్చి, బూట్లు గుమ్మం బయట విడిచి, చేతులు కడుక్కుని, కాలి మీద వేసేముందు అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చబెట్టుకునేవాడు. అతని దగ్గర రెండు ప్లాస్టిక్ బద్దలు మేకుతో కలిపిన కొలబద్ద ఒకటుండేది. ఒక బద్ద తొడకి, ఒక బద్ద పిక్కకి ఆనించి మోకాలు ఎంత వంగుతోందో అంకె చెప్పేవాడు. మొదటి రోజు ఇరవై ఐదు డిగ్రీలు.

"మామూలు మోకాలు ఎంత వంగుద్ది బాబూ?" అడిగింది తాయారమ్మ.

"నూట ముప్పై, నూట నలభై వంగుతుందండి పిన్నిగారూ. గొంతుక్కూర్చోవాలంటే అంత కావాలి. కుర్చీలో కూర్చుని లేవడానికి తొంభై చాలు."

"మా ఆయన నీళ్లలో గొంతుక్కూర్చోవాలండి" అంది ఆమె. ఆనంద్ పాల్ కొలబద్ద పక్కన పెట్టాడు. వేడినీళ్ల సంచీ మోకాలి మీద పెట్టి, చిప్పని వేళ్లతో అటూ ఇటూ జరపడం చూపించాడు. మంచం మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద పౌడరు జల్లి, మడమని తన వైపు జార్చుకోవడం నేర్పాడు. తర్వాత బోర్లా పడుకోబెట్టి, చీలమండకి తువ్వాలు చుట్టి, కాలుని వెనక్కి లాగడం. అన్నిటికన్నా కష్టం అదే.

"నేను వారానికి మూడుసార్లే వస్తాను. ఈ మోకాలు రోజుకి మూడుసార్లు వంగాలి. మీ చేతుల్లో బలం ఉంది పిన్నిగారూ, మీరే చెయ్యాలి. బాబాయ్ గారు ఏమన్నా సరే పది లెక్కపెట్టేదాకా వదలకూడదు."

ఈసారి తాయారమ్మ వదల్లేదు. ఆయన తువ్వాలు పళ్ల మధ్య కుక్కుకుని మూలిగేవాడు. తువ్వాలు జారిపోతే తిట్టేవాడు. ఏనాడూ ఆమెని పల్లెత్తు మాట అనని మనిషి, పక్కింటి వాళ్లు కిటికీ దగ్గరికొచ్చి నిలబడేలా, "రాక్షసి దానివే నువ్వు" అని అరిచేవాడు. ఆమె పెదాలు బిగించుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేది. అంతా అయ్యాక వంటింట్లోకి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడేది. కాసేపటికి గదిలోంచి, "తిన్నావా?" అని ఆయన గొంతు వినిపించేది. క్షమించమని అడగడానికి ఆయనకి వచ్చిన మాట అదొక్కటే.

నెల తిరిగేసరికి నలభై దాటింది. తర్వాత యాభై రెండు. ఆ రోజు ఆనంద్ పాల్ అంకె చెప్పగానే రామకోటి నవ్వాడు. దెబ్బ తగిలాక అదే మొదటిసారి. రెండో నెలాఖరుకి అరవై నాలుగు. పండక్కల్లా నీళ్లలో దిగుతానని ఫోన్లో కూతురితో చెప్పాడు. మూడో నెల మధ్యలో డెబ్బై వచ్చింది. వచ్చి, అక్కడ ఆగింది.

వారం చూశారు, పది రోజులు చూశారు. ఆనంద్ పాల్ కొలబద్ద పెట్టి, తీసి, మళ్లీ పెట్టేవాడు. "డెబ్బై" అనేవాడు. అనేటప్పుడు వాళ్ల మొహాల్లోకి చూడ్డం మానేశాడు.

ఆ రోజుల్లోనే ఎలీయాజరు వచ్చాడు. రామకోటి ముఠాలోనే పదేళ్లు వల లాగినవాడు. ఇప్పుడు మేస్త్రీ అతనే. కుర్చీలో కూర్చోకుండా గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"రాజుగారి పడమటి చెరువులో తూము దగ్గర వల పట్టేస్తంది మేస్త్రీ. రెండుసార్లు చినిగింది. నువ్వు వలని అక్కణ్ణించి ఎలా తెచ్చేవాడివి?"

రామకోటి మంచం మీద దుప్పటి ముడతలు సరిచేసి, ఒక చెయ్యి చెరువుగా, ఒక చెయ్యి వలగా పెట్టి చూపించాడు. "అక్కడ నేల కింద పాత తాటిమొద్దుంది. నీకు కనపడదు, కాలికి తెలుస్తది. దాని ముందు ఆగి, కూర్చుని, తాడు పైకెత్తి దాటించాలి. పిల్లని దాటించినట్టు." చెబుతున్నంతసేపూ ఆయన కళ్లు వెలిగాయి. ఎలీయాజరు దణ్ణం పెట్టి వెళ్లిపోయాక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు.

మర్నాడు ఆనంద్ పాల్ వేడి సంచీ తీస్తుండగా రామకోటి అన్నాడు.

"ఆ ఆసుపత్రోళ్లు ముందే వంచమని చెప్పుంటే నాకీ గతి పట్టేది కాదు గదా బాబూ?"

"మామూలుగా చెబుతారండి బాబాయ్ గారూ. బొమ్మల కాగితం కూడా ఇస్తారు. మీకివ్వలేదా?"

తాయారమ్మ వేడినీళ్ల గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. గిన్నె కింద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆనంద్ పాల్ బండి చప్పుడు దూరమయ్యేదాకా అక్కడే ఉండి, లోపలికొచ్చి బీరువా తీసింది. చీరల అడుగు నుంచి కాగితం లాగి, మడతలు విప్పి, ఆయన పక్కన మంచం మీద పెట్టింది.

అక్షరాలు ఇంగ్లీషు. రామకోటికి తెలుగే అంతంతమాత్రం. కానీ బొమ్మలు చూశాడు. వెల్లకిలా పడుకున్న మనిషి, మడిచిన మోకాలు, బాణం గుర్తు.

"ఎప్పుడిచ్చారే ఇది?"

"ఇంటికొచ్చిన రోజునే అండి."

"మరి కదపొద్దన్నారన్నావు."

"మీరు ఏడ్చారండి" అంది తాయారమ్మ.

ఆయన తిడతాడని ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచి ఆమె చేతికిచ్చేశాడు. ఆ పూట నుంచి ఆమెని కాలు ముట్టుకోనివ్వలేదు. ఆమె వస్తే, "నేను చేసుకుంటాను" అనేవాడు. తువ్వాలు చుట్టుకుని తన కాలు తనే లాక్కునేవాడు. సరిగ్గా అందేది కాదు. భోజనం పెడితే తినేవాడు. తిన్నావా అని అడగలేదు. ఆరు రోజులు అలా గడిచాయి. ఏడో రోజు పొద్దున్న ఆమె వాకిలి ఊడుస్తుంటే లోపల్నుంచి కేకేశాడు.

"రా. నా చేతులు చాలట్లేదు."

ఆమె చీపురు పడేసి వెళ్లింది. ఆయన బోర్లా పడుకుని ఉన్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె తువ్వాలు అందుకుని లాగింది, లెక్కపెట్టింది. ఆ కాగితం సంగతి ఆ తర్వాత ఆయన ఎత్తలేదు. ఆమెని క్షమించాడో లేదో ఆమెకి ఈ రోజుకీ తెలియదు.

ఒక ప్రయత్నం మిగిలి ఉందని ఆనంద్ పాల్ చెప్పాడు. మత్తిచ్చి, మనిషికి తెలియకుండా డాక్టరే మోకాలు వంచుతారు. లోపలి అతుకులు విడితే విడుతాయి. ఏలూరు వెళ్లారు. మత్తులో ఉండగా మోకాలు నూరు డిగ్రీలు వంగింది. ఆ ఫోటో నర్సు చేత ఫోన్లో తీయించి తాయారమ్మకి చూపించారు. మడిచిన ఆ కాలుని చూసి, ఆసుపత్రి వరండాలో నిలబడి ఆమె పెద్దింట్లమ్మకి దణ్ణం పెట్టుకుంది. ఇంటికొచ్చాక మోకాలు కుండలా వాచింది. వాపు తగ్గేలోపు తాయారమ్మ రోజుకి నాలుగుసార్లు వంచింది. ఆయన పళ్ల బిగువున భరించాడు, ఒక్కమాట అనలేదు. తొంభై, ఎనభై రెండు, డెబ్బై ఆరు. మూడు వారాలు తిరిగేసరికి మళ్లీ డెబ్బై.

పెద్ద డాక్టరు ఇంకో పెద్ద ఆపరేషన్ ఉందన్నాడు. కోసి కండరాన్ని విడదీస్తారట. ఖాయంగా బాగవుతుందని మాత్రం చెప్పలేనన్నాడు.

"చాలండి" అన్నాడు రామకోటి.

ఆఖరిసారి వచ్చినప్పుడు ఆనంద్ పాల్ కొలబద్ద సంచీలో పెట్టేసుకుని, వెంటనే లేవకుండా కూర్చున్నాడు.

"బాబాయ్ గారూ, మీరు నడుస్తారు. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కి దిగుతారు. ఇక నేను వచ్చి చేసేదేమీ లేదండి. ఊరికే వచ్చి మిమ్మల్ని ఆశపెట్టడం నాకిష్టం లేదు."

"నీళ్లలోకి?"

"దిగకూడదండి. జారితే ఆ కాలు మిమ్మల్ని కాయలేదు."

రామకోటి తలూపాడు. అతన్ని సాగనంపడానికి లేచి గుమ్మం దాకా నడిచాడు. తాయారమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "వంచడం ఆపేయొచ్చా బాబూ?" అని అడిగింది.

"ఆపకూడదండి పిన్నిగారూ. ఆపితే ఇంకా బిగుసుకుంటుంది. డెబ్బై నిలబెట్టుకోవాలన్నా రోజూ చెయ్యాల్సిందే."

సుబ్బరాజుగారు మంచివాడు. సంగతి తెలిసి స్వయంగా వచ్చాడు. "ఆయ్, ఇంట్లో కూర్చుంటే ఏం తోస్తుంది రామకోటీ? మన చెరువు గట్టు మీద కుర్చీ వేయిస్తాను. చేపల మీద నీటికాకులు వాలకుండా డబ్బా వాయిస్తూ కూర్చో, చాలు" అన్నాడు. రామకోటి ఒప్పుకున్నాడు. కర్ర పట్టుకుని రెండు రోజులు వెళ్లాడు. మూడో రోజు ఆ చెరువులోనే పట్టుబడి. మధ్యాహ్నానికే ఇంటికి తిరిగొచ్చేశాడు. తాయారమ్మ మంచినీళ్లిచ్చి, ఒంట్లో బాగోలేదా అని అడిగింది.

"నీళ్లలోంచి మేస్త్రీ, మేస్త్రీ అని పిలుస్తన్నారే. పిలిచినప్పుడల్లా నేను ఓయ్ అని లేచి నిలబడతన్నాను" అన్నాడు. "వాళ్లు పిలిచేది ఎలీయాజరుని." ఆ తర్వాత ఆయన గట్టు మీదికి వెళ్లలేదు.

ఇప్పుడు పట్టుబడులకి తాయారమ్మ ఒక్కతే వెళుతోంది. వాళ్లది ఇరుకైన ఇల్లు. రామకోటి గుమ్మానికి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే, వంగని కాలు గదికి అడ్డంగా చాచుకుని ఉంటుంది. మనిషి కాలు దాటకూడదు కదా, ఆమె వంటింట్లోకి వెళ్లాలంటే బయటికొచ్చి, ఇంటిని చుట్టి, పెరటి తలుపులోంచి వెళుతుంది. మొదట్లో ఆయన కాలు తీసుకునేవాడు. తీసుకున్నప్పుడల్లా పడే అవస్థ చూసి ఆమే వద్దంది.

ఆయన పడి ఈ మాఘమాసానికి ఏడాదిన్నర అయింది. ఈ మధ్య చలిగా ఉన్న ఒక పొద్దున్న, పనికి వెళ్లేముందు ఆమె ఎప్పట్లాగే ప్లాస్టిక్ కాగితం పరిచి పౌడరు జల్లింది. ఆయన పడుకున్నాడు. మడమ పట్టుకుని నెట్టింది. ఎక్కడ ఆగుతుందో ఇద్దరికీ తెలుసు, కొలబద్ద అక్కర్లేదు. అక్కడే ఆగింది. ఆమె పది లెక్కపెట్టింది. ఆయన ఇప్పుడు అరవడు, తువ్వాలు అడగడు. పైకప్పు రేకుల వంక చూస్తూ పడుకుంటాడు. నొప్పి లేదా అంటే ఉందంటాడు.

రెండోసారి నెట్టబోతుంటే రోడ్డు మీద లారీ హారన్ వినిపించింది. ఆడవాళ్లని ఎక్కించుకోడానికి ఆగింది.

"చాల్లే, వెళ్లు. లారీ వెళ్లిపోద్ది" అన్నాడు రామకోటి.

"ఇంకో రెండుసార్లండి" అంది తాయారమ్మ. మడమ కింద చెయ్యి వేసి మళ్లీ లెక్క మొదలుపెట్టింది.